నా చేతికి సరిపోయిన గిన్నెలు

మ్యాజిక్ నేర్చుకునేవాళ్లు ఎవరైనా సరే, ఎప్పుడో ఒకప్పుడు మూడు గిన్నెల దగ్గరికి వచ్చి తీరాలి. మూడు గిన్నెలు, మూడు చిన్న బంతులు, అంతే సరంజామా. బోర్లించిన గిన్నె కింద పెట్టిన బంతి మాయమై పక్క గిన్నె కింద తేలుతుంది. ఒకటున్న చోట మూడు పోగవుతాయి. ఆఖర్న గిన్నె ఎత్తితే బంతికి బదులు నిమ్మకాయ కనిపిస్తుంది. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటే రోమ్‌లో ఈ ఆట ఉంది. సెనెకా అనే తత్వవేత్త తన ఉత్తరాల్లో ఒకదాంట్లో దీని మాట ఎత్తాడు. ఆ గిన్నెల గారడీలో మోసపోవడంలోనే తనకు సరదా ఉందనీ, ఎలా చేశారో చూపించేస్తే ఇక ఆసక్తి పోతుందనీ రాశాడు. ఆయన మాట నాకు శిరోధార్యం. ఎలా చేస్తారన్నది ఇక్కడ చెప్పను. గిన్నెల గురించి మాత్రం ఎంతైనా చెబుతాను, చిన్నప్పటి నుంచీ నా మనసు వాటి చుట్టూనే తిరిగింది కాబట్టి.

మాది ఎలమంచిలి. సంతలో అప్పుడప్పుడు గారడీ సాయిబు ఆట కట్టేవాడు. గోనెపట్టా పరిచి, డమరుకం వాయించి జనాన్ని పోగేసేవాడు. బుట్టలో పాము ఉండేది, పక్కన మేకుకి ముంగిసని కట్టేసి ఉంచేవాడు. పిల్లలంతా పాముకీ ముంగిసకీ పోట్లాట ఎప్పుడు మొదలవుతుందా అని బుట్ట వైపే చూసేవాళ్లు. నాకు మాత్రం మధ్యలో వచ్చే గిన్నెల ఆట కావాలి. తాతయ్య చెయ్యి వదలకుండా ముందు వరసలో గొంతుక్కూర్చుని చూసేదాన్ని.

అవి చెక్క గిన్నెలు. గంట ఆకారంలో, మూతి దగ్గర కాస్త విచ్చుకుని, ఎత్తు తక్కువగా ఉండేవి. నెత్తిమీద ఒక బొడిపె. ఏళ్ల తరబడి చేతి జిడ్డు పట్టి నల్లగా నిగనిగలాడేవి. సాయిబు ఆ బొడిపెని చూపుడు వేలికీ మధ్య వేలికీ సందున ఇరికించి గిన్నెని పైకి లేపేవాడు. మణికట్టు తిప్పి లోపల ఖాళీ చూపించి, అదే ఊపులో బోర్లించేవాడు. గోనెపట్టా మీద గిన్నె ఆనిన చప్పుడే వినపడేది కాదు. బంతులేమో గుడ్డపీలికల్ని గట్టిగా ఉండచుట్టి, పైన ఎర్రదారం బిగించి చేసినవి. కింద పెడితే దొర్లకుండా పెట్టిన చోటే ఉండేవి. నన్ను కట్టిపడేసింది మాయ ఒక్కటే అనుకోను. ఆయన వేళ్లకీ ఆ గిన్నెలకీ మధ్య ఎక్కడా తడబాటు లేదు. గిన్నె ఎత్తేటప్పుడు ఆయన దానివైపు చూసేవాడే కాదు, మా మొహాల్లోకి చూస్తూ కబుర్లు చెప్పేవాడు.

తాతయ్య అంటే అమ్మ వాళ్ల నాన్న. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. చిన్నతనంలో విప్రవినోదుల విద్య కళ్లారా చూసిన మనిషి. బ్రాహ్మణుల ఇళ్లలో గారడీ చూపించి సంభావన పుచ్చుకోవడం ఆ కుటుంబాల వృత్తి. వాళ్లు తమ అరుగు మీద కూర్చుని ఏమేం చేశారో ఎన్నిసార్లు చెప్పినా తాతయ్యకి తనివి తీరేది కాదు, నాకూ విసుగు పుట్టేది కాదు. రూపాయి బిళ్ల మాయం చేయడం, తెంపిన దారం అతికించడం లాంటివి ఆయనకూ వచ్చు. ఒక సంత సాయంత్రం "తాతయ్యా, నాకూ అలాంటి గిన్నెలు కావాలి" అని అడిగాను. ఆడపిల్లకి గారడీ ఏమిటని అనలేదు. "ముందు ఇంట్లో ఉన్నవాటితో చూడు అమ్మడూ. ఏది కుదరదో, ఎందుకు కుదరదో నీకే తెలుస్తుంది. అప్పుడు చేయిద్దాం" అన్నాడు.

వంటింట్లోంచి స్టీలు గ్లాసులు పట్టుకొచ్చాను. గోడలు దాదాపు నిలువు కాబట్టి ఒకదాంట్లో ఒకటి పెడితే సగం దాకా దిగి బిగుసుకుపోయేవి, ఊడదీయాలంటే మెలితిప్పాలి. బోర్లిస్తే అడుగు నున్నగా ఉండేది, పైన చింతగింజ పెట్టినా జారిపోయేది. కాఫీ దబరాలు వెడల్పు ఎక్కువ, నా చేతికి అందేవి కావు. కింద పెట్టినప్పుడల్లా ఇల్లంతా మోగేది, అమ్మ వంటింట్లోంచి కేకేసేది. చివరికి నా లక్కపిడతలు తీశాను. బొమ్మలాటలో వంట చేసుకునే బుల్లి గిన్నెలు, మరీ చిన్నవి. కానీ వాటిని ఎన్నిసార్లు బోర్లించినా చప్పుడు లేదు, లోపల పెట్టిన సెనగగింజ గలగలమనలేదు. చెక్క కావాలని తాతయ్యతో చెప్పాను. ఆయన ఎదురుచూసిన మాట అదేనేమో, ఏటికొప్పాక తీసుకెళ్లాడు.

ఏటికొప్పాక మాకు దగ్గరే, వరాహ నది ఒడ్డున. అక్కడి లక్కబొమ్మల గురించి ఇప్పుడు అందరికీ తెలుసు, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నా చిన్నప్పుడు మాకది పిడతలు కొనుక్కునే ఊరు. అక్కడ వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, పోగు పడకుండా ఉలికి లొంగే కర్ర. బాగా ఆరనిచ్చిన ముక్కని లేత్‌కి బిగించి తిప్పుతూ ఉలి ఆనిస్తే పొట్టు రిబ్బన్లుగా లేస్తుంది. ఆకారం వచ్చాక రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకి అదిమి పడతారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకుతో ఒత్తి రుద్దితే మెరుపు వస్తుంది. ఆ వాసన, వేడి లక్కా పచ్చి ఆకూ కలిసిన వాసన, నాకు ఇప్పటికీ ఇష్టం.

తాతయ్య పోస్టుకార్డు వెనక పెన్సిల్‌తో బొమ్మ గీసి ఇచ్చాడు. మేస్త్రీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిన్ని అంటన్నారు, నెత్తిమీద ఈ బొడిపేటండి బాబూ? మూతా?" అన్నాడు. "మూత కాదు, గిన్నే. మా మనవరాలు బొడిపె పట్టుకుని ఎత్తాలి. దాని చేతికి చూసి చెయ్యి" అన్నాడు తాతయ్య. మేస్త్రీ నన్ను దగ్గరికి పిలిచి, నా రెండు వేళ్లూ విడదీసి, వేళ్ల మొదట్లో సందు ఎంతుందో దారంతో కొలిచాడు. "గుంటకి ఏళ్లు సన్నం. బొడిపె లావైతే నిలబడదు, మెడ సన్నగా తీసి నెత్తి కాస్త లావు ఉంచుతాను" అన్నాడు. గారడీ గిన్నె ఎలా ఉండాలో ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఒక వస్తువు చేతిలో ఎలా నిలబడాలో తెలిసిన మనిషి కాబట్టి నా వేళ్లు చూసి కనిపెట్టేశాడు.

ఆ మూడు గిన్నెలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. బయట ముదురెరుపు లక్క, లోపల మాత్రం లక్క వేయవద్దని తాతయ్య చెప్పాడు. కర్ర గరుకు మీద గుడ్డ బంతి జారదు, చప్పుడూ రాదు. మూతి అంచు పలచగా తీసి, చివర కోసుకోకుండా గుండ్రం చేశారు. అంచు మందమైతే గిన్నెకీ నేలకీ మధ్య ఎత్తు పెరిగి వేళ్లకి ఇబ్బంది. మరీ పలచనైతే ఒకసారి కింద పడితే పెచ్చు ఊడుతుంది. మన పద్ధతి గిన్నె ఎంచుకునేవాళ్లు నా మాటగా ఇవి గుర్తుపెట్టుకోండి: బొడిపె మెడ మీ వేళ్ల సందుకి సరిపోవాలి, గిన్నె ఎత్తు తక్కువగా ఉండాలి, మూతి విచ్చుకుని ఉండాలి. బొడిపెతో ఎత్తి ఊపితే గిన్నె గడియారం లోలకంలాగా తిన్నగా ఊగాలి, పక్కకి ఒరగకూడదు. ఒరిగిందంటే ఒకవైపు మందం ఎక్కువ తీశారన్నమాట.

విశాఖలో కాలేజీలో చదివేటప్పుడు పోస్టులో ఒక మ్యాజిక్ సెట్ తెప్పించుకున్నాను. అందులో అల్యూమినియం గిన్నెలు మూడు, దూది బంతులు నాలుగు. పాశ్చాత్య పద్ధతి గిన్నెల్ని చేతిలోకి తీసుకోవడం నాకదే మొదలు. వాటికి బొడిపె ఉండదు, పక్కనుంచి పట్టుకుని ఎత్తాలి. అడుగు లోపలికి ఇడ్లీ రేకులో గుంటలా దిగి ఉంటుంది. బోర్లించిన గిన్నె మీద బంతి పెడితే ఆ గుంటలో కుదురుగా కూర్చుంటుంది, దానిపైన రెండో గిన్నె బోర్లించవచ్చు. బొడిపె గిన్నెలతో ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చడం కుదరదు. గిన్నె అడుగులోంచి బంతి దూసుకుని కిందికి దిగిపోయినట్టు చూపించే భాగమంతా ఈ పేర్పు మీదే నడుస్తుంది.

ఆ సెట్‌తో సరిగ్గా అక్కడే తంటా వచ్చింది. పైకి చూస్తే తళతళలాడుతున్నాయి. గుంట లోతు చాలదు, బంతి సగానికి పైగా పైకే ఉండి, మీద పెట్టిన గిన్నె ఊగిసలాడేది. రేకు మరీ పలచన, చేతికి బరువే తెలియదు. పొరపాటున మోచెయ్యి తగిలితే చాలు, గిన్నె పక్కకి జరిగిపోయేది. పైగా లోపల బంతి కదిలితే టప్పున చప్పుడు, ముందు వరసలో వాళ్లందరికీ వినపడుతుంది. అయినా ఆ గిన్నెల్ని తిట్టుకోలేదు. మంచి గిన్నెకి ఏమేం ఉండాలో వాటిలో లేనివాటిని చూసే నేర్చుకున్నాను.

పాశ్చాత్య గిన్నె కొనేటప్పుడు నేను మొదట చూసేది ఆ గుంటనే. బంతి అందులో కనీసం సగం దాకా దిగాలి. తర్వాత మూడు గిన్నెల్నీ ఒకదాంట్లో ఒకటి వేసి చూస్తాను. బిగుసుకోకూడదు, తలకిందులు చేస్తే సులువుగా జారి విడిపోవాలి, లోపలి గిన్నెకీ బయటి గిన్నెకీ మధ్య అడుగున బంతి పట్టేంత ఖాళీ మిగలాలి. గిన్నె నడుం దగ్గర, మూతి దగ్గర గుండ్రటి వడ్డాణం తీసి ఉంటుంది. అందం కోసం పెట్టారనిపిస్తుంది కానీ దాని వల్లే పలచని రేకుకి బిగువు వస్తుంది, గిన్నె ఎంత లోపలికి దిగాలో అక్కడ ఆగుతుంది, వేలు జారకుండా ఆనుకోవడానికి పట్టు దొరుకుతుంది. ఇక మూతి వెడల్పు. ఏడెనిమిది సెంటీమీటర్లు మామూలు కొలత. అది మీరు ఆఖర్న ఏం చూపించాలనుకుంటున్నారో దాన్నిబట్టి తేల్చుకోవాలి.

హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాక, మా ఆఫీసు కింద టీ కొట్టులో గ్లాసులు పోయి పేపర్ కప్పులు వచ్చిన రోజుల్లో నాకొక నిధి దొరికింది. ఖాళీ కప్పు ఒకటి బోర్లించి చూడండి. అడుగు అంచుకన్నా లోపలికి ఉంటుంది, బంతి చక్కగా కూర్చుంటుంది. ఒకదాంట్లో ఒకటి వేస్తే మధ్యలో ఖాళీ కూడా ఉంటుంది. ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి, ఎవరికీ అనుమానం రాదు. తేలికన్న లోపం ఒక్కటే, ఫ్యాన్ కింద చేయలేం. కొత్తగా నేర్చుకునే పిల్లలకి నేను డబ్బు పెట్టి సెట్ కొనొద్దని గట్టిగా చెబుతాను. పేపర్ కప్పులూ, కాగితం ఉండలూ చాలు. అమెరికాలో పెన్ అండ్ టెల్లర్ అనే జంట ఈ ఆటని పారదర్శకమైన ప్లాస్టిక్ గ్లాసులతో చేసి చూపించారు. లోపల ఏముందో కంటికి కనిపిస్తూనే ఉంటుంది, అయినా చూసేవాళ్లు వెనకబడిపోతారు. నెదర్లాండ్స్‌కి చెందిన టామీ వండర్ మూడో గిన్నె తీసేసి రెండింటితోనే అద్భుతంగా చేసేవాడు. 2006లో చిన్న వయసులోనే పోయాడు. ఆయన వీడియోలు చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మా తరం తెలుగువాళ్లకి మ్యాజిక్ అంటే బి.వి. పట్టాభిరామ్ గారు. స్టేజీ మీద ఆయన మాట్లాడే తీరు చూశాక మాటకి ఎంత విలువుందో అర్థమైంది. నాకు మాత్రం స్టేజీ కన్నా బల్ల చుట్టూ పదిమంది కూర్చునే ఆటే నచ్చుతుంది. అలాంటి ఆటకి లోహపు గిన్నెలు మంచివి చేయించుకోవాలని పట్టుదల వచ్చింది. తణుకు దగ్గర అజ్జరం ఇత్తడి సామాన్లకి పేరున్న ఊరు. మా ఆఫీసులో ఒకావిడది ఆ పక్క ఊరే, ఆవిడతో కలిసి వెళ్లాను. సంచిలో ఒక నిమ్మకాయ, ఒక ఉల్లిపాయ, ఒక బత్తాయి పెట్టుకున్నాను. కొట్టాయన ముందు చెంబులు, గ్లాసులు పేర్చాడు. నేను ఒక్కోదాని మూతిలో బత్తాయి దూర్చి చూస్తుంటే ఆయన కాసేపు ఊరుకుని, "ఏం పోస్తారమ్మా ఇందులో?" అని అడిగాడు. మ్యాజిక్ అని చెప్పేసరికి లోపలున్న పనివాళ్లని కూడా పిలిచాడు. అక్కడే స్టూలు మీద రెండు గ్లాసులతో చిన్నది చేసి చూపించాను. ఆ తర్వాత మాకు కొలతల దగ్గర ఇబ్బందే రాలేదు.

అక్కడ చేయించిన ఇత్తడి గిన్నెలు బరువైనవి. బల్ల మీద పెడితే పెట్టినచోట ఉంటాయి, చెయ్యి తగిలినా కదలవు. బరువు ఎంత ఉండాలన్నది ఎవరూ తూకం వేసి చెప్పలేరు. గిన్నెని మూతి దగ్గర పట్టుకుని చెయ్యి చాచి, ఒక పాట పల్లవి పాడుకునేంతసేపు అలాగే ఉంచండి. మణికట్టు లాగితే అది మీ గిన్నె కాదు. నా ఇత్తడివి ఆ హద్దు దగ్గరే ఉన్నాయి. అరగంట చేస్తే చెయ్యి అలిసిపోతుంది, పది నిమిషాల ఆటకి మాత్రం వాటిని మించినవి లేవు. వాటిని చింతపండుతో తోమి అద్దంలా మెరిపించవద్దు. మెరిసే గిన్నెలో అరచెయ్యి కనిపిస్తుంది, ఎదురుగా ఉన్నవాళ్లు గిన్నెలో చూస్తారు. రాగి అయినా ఇత్తడి అయినా కాస్త మసకబారితేనే అందం, మనకి క్షేమం కూడా.

రాగి గిన్నెలు అన్నయ్య అమెరికా నుంచి తెచ్చాడు. పాల్ ఫాక్స్ అనే ఆయన రూపొందించిన ఆకారం అది. పొట్టిగా, భుజాలు గుండ్రంగా తిరిగి, మూతి వెడల్పుగా ఉంటాయి. తర్వాత డానీ డ్యూ అనే ఆయన ఆ తరహా గిన్నెలు చేసి పేరు తెచ్చుకున్నాడు. ఇప్పుడు ప్రపంచమంతా దానికి నకళ్లు వస్తున్నాయి. ఈ ఆటకి ఇరవయ్యో శతాబ్దంలో నడక దిద్దిన మనిషి డై వెర్నన్. 1894లో కెనడాలో పుట్టి 1992 దాకా బతికాడు, మ్యాజిక్ లోకమంతా ఆయన్ని ప్రొఫెసర్ అనే పిలిచేది. ఇవాళ చాలామంది చేసేది ఆయన వరస మీద కట్టుకున్నదే. రాగి గిన్నె చేతిలోకి తీసుకోగానే ఆ ఆకారం ఎందుకంత నిలబడిందో తెలిసింది. గుంట లోతు, అంచు మందం, ఒకదాంట్లో ఒకటి దిగే తీరు, దేనికీ వంక పెట్టలేం. కానీ నా వేళ్లు దాని చుట్టూ పూర్తిగా రావు. మగవాళ్ల చేతికి తగిన కొలత అది. పైగా ఆ ఆట కోటు వేసుకుని, బల్ల వెనక నిలబడి చేసేవాళ్ల కోసం కట్టింది. నేను చీర కట్టుకుని చేస్తాను. ఎక్కువసార్లు కింద కూర్చుని చేస్తాను. ఎందుకు తేడా అన్నది చేసేవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు.

పారిస్ పక్కన సెయింట్ జెర్మన్ ఆన్ లేలో ఒక పాత చిత్రం ఉంది. హైరోనిమస్ బాష్ అనే చిత్రకారుడి పేరు మీద చెలామణీ అయ్యేది, సుమారు 1500 నాటిది. బల్ల వెనక గారడీవాడు నిలబడి ఉంటాడు, బల్ల మీద గిన్నెలు, బంతులు. ఎదుట వంగి చూస్తున్న మనిషి సంచిని వెనకనుంచి ఇంకొకడు కాజేస్తుంటాడు. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నా కళ్లు బల్ల మీదికే పోతాయి. అక్కడ ఐదు వందల ఏళ్లుగా బల్ల ఉంది, గిన్నె పక్కనుంచి పట్టుకోవడానికి వీలుగా తయారైంది. మన సాయిబు నేల మీద కూర్చున్నాడు, గిన్నె పైనుంచి ఎత్తడానికి వీలుగా బొడిపె వచ్చింది. కేరళలో దీన్ని చెప్పూ పందూ అంటారు. అక్కడ వాళకున్నం నంబూదిరి ఈ ఆటలో మహా ఘనుడు, మలయాళీ మెజీషియన్లు ఇప్పటికీ ఆయన్ని గురువుగా తలుచుకుంటారు. మన గారడీ విద్య వీధి దాటి పెద్దమనుషుల గౌరవం సంపాదించుకున్నది అక్కడ. మన దగ్గర ఆ సాయిబు లాంటివాళ్ల పేర్లు కూడా ఎవరూ రాసిపెట్టలేదు. ఆ లోటు నాకు బాధగానే ఉంటుంది.

బంతుల సంగతి చెప్పకపోతే గిన్నెల మాట సగమే చెప్పినట్టు. గిన్నె కొన్నాక బంతి వెతుక్కుంటారు చాలామంది. రెండూ కలిపి చూడాలి. రెండు, రెండున్నర సెంటీమీటర్ల బంతి నా చేతికి సరిపోతుంది. నున్నటి రబ్బరు బంతి దొర్లుతుంది, చెమట పడితే జారుతుంది. దారంతో అల్లినవి శ్రేష్ఠం. మా అత్తయ్య నర్సాపురం పిల్ల, లేసు అల్లడంలో దిట్ట. సీసా బిరడా కార్కుని గుండ్రంగా చెక్కి ఇస్తే, దాని చుట్టూ క్రోషియా సూదితో బిగువుగా అల్లి ఇచ్చేది. "ఈ వయసులో నీకు బంతులేమిటే" అంటూనే ఎర్రవి కొన్ని, పచ్చవి కొన్ని చేసి పెట్టింది. పిట్స్‌బర్గ్ ప్రాంతం నుంచి వచ్చిన పాల్ గెర్ట్‌నర్ అనే మెజీషియన్ ఉక్కు బంతులతో చేస్తాడు. ఆ చప్పుడుని దాచకుండా ఆటలోనే కలుపుకున్నాడు. అందరివల్లా అయ్యే పని కాదది. కింద పరుచుకోవడానికి నేను గొంగళి వాడతాను. మందంగా ఉంటుంది, గిన్నె చప్పుడు మింగేస్తుంది, బంతి కిందకి కాస్త దిగి ఆగుతుంది. ఖరీదైన మ్యాట్లు కూడా చూశాను, నా గొంగళికి సాటి రాలేదు.

ఇంత ఇప్పుడు రాయడానికి కారణం మా అన్నయ్య కూతురు. టెక్సస్‌లో పుట్టి పెరిగింది, పద్నాలుగేళ్లది. నా రాగి గిన్నెల వీడియో చూసి "అత్తా, నాకు ఏ సెట్ కొనమంటావు?" అని ఫోన్ చేసింది. ఆన్‌లైన్‌లో చూసిన నాలుగైదు లింకులు పంపింది, అన్నీ మెరుస్తున్నవే. ధర చూసి ఎంచుకుందామా, రంగు చూసి ఎంచుకుందామా అని దానికి టెన్షన్. ముందు నువ్వు కూర్చుని చేస్తావా నిలబడి చేస్తావా అని అడిగాను. స్కూల్లో ఫ్రెండ్స్ అందరూ కార్పెట్ మీద కూర్చుంటారు, అక్కడే చేస్తానంది. అయితే నీకు బొడిపె గిన్నెలు కావాలన్నాను. ఈలోపు పేపర్ కప్పులతో మొదలుపెట్టమని, అరచెయ్యి కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసి ఫొటో కాకుండా ఆ కాగితమే పోస్టులో పంపమని చెప్పాను. ఫొటోలో కొలత తప్పుతుంది.

కాగితం పోయిన వారం వచ్చింది. దాని వేళ్లు నా చిన్ననాటి వేళ్ల కన్నా పొడుగు, కాబట్టి మా మేస్త్రీ వేసిన పాత కొలత పనికిరాదు. మెడ ఇంకొంచెం పొడుగు కావాలి, మూతి కూడా పెంచాలి, అక్కడ దొరికే నిమ్మకాయలు మన వాటికన్నా పెద్దవట. ఏటికొప్పాకలో ఒక కుర్రాడు చేస్తానన్నాడు. మూడు చేయమంటే, "నాలుగు చేత్తానండి, అందులో మూడు జత కుదిరినవి తీసుకోండి" అన్నాడు. పండక్కి అన్నయ్య వాళ్లు వచ్చేలోపు అయిపోవాలి. లక్క రంగు మాత్రం అది ఇంకా తేల్చలేదు. నీలం అంటుంది, మళ్లీ పసుపు అంటుంది.